వెనుక డిఫరెన్షియల్ మార్పిడి (ట్రయంఫ్ స్పిట్‌ఫైర్)

ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ (1962–1980) బ్రిటన్‌లో తయారైన రెండు సీట్ల స్పోర్ట్స్ కారు. ట్రయంఫ్ హెరాల్డ్ దీనికి మూలం. రెండింటి రూపశిల్పి ఇటలీకి చెందిన జియోవాన్ని మికెలోట్టి. ఆ హెరాల్డ్‌నే 1961 నుంచి మద్రాసులో స్టాండర్డ్ కంపెనీ తయారుచేసింది. అందుకే స్టాండర్డ్ హెరాల్డ్‌ను విప్పి బిగించిన మన పాత మెకానిక్కులకు స్పిట్‌ఫైర్ వెనుక భాగం చిరపరిచితమే.

ఇందులో డిఫరెన్షియల్ ఛాసిస్‌కే బిగించి ఉంటుంది. దాని నెత్తిన అడ్డంగా కమాన్ కట్ట (లీఫ్ స్ప్రింగ్) బిగువుతో కూర్చుంటుంది. మార్పిడిలో అసలు ప్రమాదం అక్కడే. ఛాసిస్‌ను గట్టి స్టాండ్లపై నిలిపి, చక్రాలు తీసి, కమాన్ కట్ట బిగువు సడలించాకే దాని నట్లు విప్పాలి. ప్రొపెల్లర్ షాఫ్ట్‌నూ పక్క షాఫ్టులనూ విడదీసి, మౌంటింగ్ బోల్టులు తీసి, డిఫరెన్షియల్‌ను జాకీపై కిందికి దించాలి.

డిఫరెన్షియల్ లోపలి క్రౌన్, పినియన్ గేర్లు ఎప్పుడూ జతగానే ఉండాలి. వేర్వేరు డిఫరెన్షియళ్ల నుంచి ఏరి కలిపితే రోద తప్పదు.

తొలి స్పిట్‌ఫైర్లలో డిఫరెన్షియల్ గేర్ నిష్పత్తి 4.11, మార్క్ 4లో 3.89, చివరి 1500 మోడల్‌లో 3.63. పాతదానిలో 3.63 అమర్చితే అదే వేగానికి ఇంజన్ దాదాపు 12 శాతం నెమ్మదిగా తిరుగుతుంది. హైవేపై హాయి, ఎత్తుల్లో కాస్త నీరసం. స్పీడోమీటర్ గేర్‌బాక్స్ నుంచి నడుస్తుంది కనుక అసలు కంటే తక్కువ వేగం చూపిస్తుంది. దాన్ని సరిచేయించకుండా బండిని రోడ్డెక్కించకూడదు.