రైలు స్టేషను తోట



మానుకోటలో మిర్చి అమ్ముకొని, తిరుగు బండి కోసం కాచుకొన్నవారికి స్టేషను చెట్టు నీడ విలువ వేరే చెప్పనక్కరలేదు. కాని ఆ చెట్టు అక్కడికెట్లా వచ్చినది, ఎవరు నీళ్లు పోసి పెంచినారు అని మనం అడుగం. ఈవేళ ఆ సంగతే ముచ్చటించుకొందాం.

నిజాం సర్కారు వేయించిన మొదటి రైలు దారి వాడి నుండి సికింద్రాబాదుకు 1874లో పడ్డది. అదే దారి జనగామ, కాజీపేటల మీదుగా 1886లో వరంగల్లు చేరి, మానుకోట, డోర్నకల్లు దాటి 1889లో బెజవాడను కలిసింది. ఇల్లెందు ప్రాంతంలో 1871లో డాక్టర్ విలియం కింగ్ బొగ్గు జాడ కనిపెట్టినాడు. రైలు ఇటువైపు సాగడానికి ఆ బొగ్గు ఒక పెద్ద కారణం. నేటి భూపాలపల్లిలో ప్రయాణికుల రైలు లేకపోయినా, సింగరేణి బొగ్గు తవ్వే అక్కడివారికి కూడా ఈ కథలో పాలున్నది.

ఆవిరి ఇంజనుకు బొగ్గు ఒక్కటే చాలదు, నీళ్లు కావాలి. అందుకని నీళ్లు పట్టే స్టేషనులో బావి, ఎత్తైన ట్యాంకు, ఇంజనులోకి నీరు దింపే గొట్టపు స్తంభం వుండేవి. నీరున్నచోట నాలుగు మొక్కలు బతికించడం ఎంత పని? పైగా ఇంగ్లండులో స్టేషను తోటలకు బహుమతులిచ్చే అలవాటు 19వ శతాబ్దంలోనే వున్నది. మన రైల్వేల్లోనూ మంచి తోటకు షీల్డు ఇచ్చే ఆనవాయితీ వచ్చింది.

ఇట్లాంటి తోటల్లోని మొక్కలే ఒక చరిత్ర. కాగితపుపూల తీగది బ్రెజిలు. ఎర్రగా పూసే తురాయిది మడగాస్కరు దీవి. గొడుగులాగా పరచుకొనే నిద్రగన్నేరు అమెరికా ఖండపు చెట్టు. మన చారులో పడే చింత కూడా ఏనాడో ఆఫ్రికా నుండి వచ్చినదే. వీటి పక్కన మన వేప, రావి నిలబడి వుంటాయి. దూరదేశపు మొక్క మన ఎండకు, మన నేలకు అలవాటుపడినదని చూపించే బడి ఇది.

1990 దశకంలో ఆవిరి ఇంజన్లు పోయినవి. వాటితో నీళ్ల స్తంభాల పని తీరిపోయింది. 2023 ఆగస్టు 6న అమృత్ భారత్ పథకం కింద జనగామ, కాజీపేట, మహబూబాబాద్ స్టేషన్ల పనులకు శంకుస్థాపన జరిగింది. ప్రయాణికులకు వసతులు పెరగడం మంచిదే. కాని పని జరిగేచోట చెట్టును ఎవరో ఒకరు కనిపెట్టి వుండాలె.

నా తప్పు ఒకటి చెబుతాను. ఒక ఆవరణలో పాత వేప చుట్టూ మొదలుకంటా సిమెంటు పోస్తుంటే నేను అక్కడే వున్నాను. నేల శుభ్రంగా వుంటుందని తల వూపినాను. రెండు ఎండాకాలాలకు కొనకొమ్మలు ఎండినవి. మూడో ఏట చెట్టు కొట్టేసినారు. అక్కడిప్పుడు రేకుల షెడ్డు వున్నది, దాని కింద నిలబడితే మాడు మాడుతుంది. వేరుకు గాలి, నీరు అందాలని పాఠంలో చదువుకొన్నవాణ్ణే, ఆనాడు నోరు విప్పలేదు.

అందుకని మూడు పనులు చేద్దాం. మొదటిది, మొదలు చుట్టూ వీలైనంత వెడల్పున మట్టి విడిచిపెట్టమని పని మొదలుకాకముందే అడగాలె. రెండవది, ఆ చెట్టు సంతానం నిలపాలె. వేపగింజ ఎక్కువకాలం నిలవదు. జూన్, జూలైల్లో పండ్లు రాలగానే గుజ్జు కడిగి, నీడన ఆరబెట్టి, రెండు వారాల్లోపల విత్తాలె. చింత గింజనుంచి తల్లి గుణం అట్లాగే రాదు, కనుక మంచి చెట్టు కొమ్మను అంటు కట్టించాలె. మూడవది, ఆ చెట్టు కింద బండి కోసం కాచుకొన్న ముసలివాళ్లను అడిగి, వారు చెప్పినది పుస్తకంలో రాసిపెట్టాలె.

గోడ కూలితే పాత పటం చూసి మళ్లీ కట్టవచ్చు. నూరేళ్ల చెట్టు కావాలంటే మాత్రం నూరేళ్లు పట్టవలసిందే. ఈసారి స్టేషనుకు పోయినప్పుడు బండి వచ్చేలోగా ఒక్కసారి తలెత్తి ఆ కొమ్మలను చూడండి. కొనలు ఎండుతుంటే స్టేషను మాస్టరుగారితో ఒక మాట చెప్పండి.