కంప్యూటరు కీబోర్డు, మౌస్, ట్రాక్‌ప్యాడ్

కీబోర్డు, మౌస్, ట్రాక్‌ప్యాడ్ అనేవి కంప్యూటరుకు సమాచారాన్ని, ఆదేశాలను అందించే ఇన్‌పుట్ పరికరాలు. అక్షరాలను, అంకెలను అందించడానికి కీబోర్డును, తెరపై ఉండే బాణపు గుర్తును కదిలించడానికి మౌస్‌ను ఉపయోగిస్తారు. లాప్‌టాప్ కంప్యూటర్లలో మౌస్ చేసే పనిని కీబోర్డుకు దిగువన అమర్చిన నున్నని పలక చేస్తుంది. దీనినే ట్రాక్‌ప్యాడ్ లేదా టచ్‌ప్యాడ్ అంటారు. కంప్యూటరు కొనేవారు ప్రాసెసరు, మెమరీ వంటి అంశాలను శ్రద్ధగా పరిశీలిస్తారు గాని, రోజంతా చేతులు ఆనించి ఉంచే ఈ పరికరాలను అంతగా పట్టించుకోరు. మణికట్టు నొప్పులకు, టైపింగులో దొర్లే తప్పులకు, అనవసరపు మరమ్మతు ఖర్చులకు తరచుగా ఈ అశ్రద్ధ కారణమవుతుంది.

చరిత్ర

నేటి కీబోర్డుపై అక్షరాల అమరిక టైప్‌రైటరు నుండి సంక్రమించింది. అమెరికాలోని మిల్వాకీ నగరంలో క్రిస్టఫర్ లాథమ్ షోల్స్, ఆయన సహచరులు 1868లో టైప్‌రైటరుకు పేటెంటు పొందారు. తరువాత రెమింగ్టన్ సంస్థ దానిని మెరుగుపరచి 1874 నుండి విక్రయించింది. అక్షరాల పై వరుసలోని మొదటి ఆరు అక్షరాలను కలిపి చదవగా వచ్చిన ‘క్వెర్టీ’ అనే మాటే ఈ అమరికకు పేరుగా స్థిరపడింది. వేళ్ళకు శ్రమ తగ్గించే ఉద్దేశంతో రూపొందించిన మరొక అమరికకు 1936లో ఆగస్ట్ డ్వొరాక్, ఆయన సహచరుడు పేటెంటు పొందారు. అప్పటికే టైపిస్టులందరూ పాత అమరికకు అలవాటుపడి ఉండటం వలన అది పెద్దగా వ్యాపించలేదు.

మౌస్‌ను స్టాన్‌ఫర్డ్ పరిశోధన సంస్థలో డగ్లస్ ఎంగెల్‌బార్ట్ ఊహించగా, 1964లో బిల్ ఇంగ్లిష్ దాని తొలి నమూనాను తయారుచేశాడు. అది రెండు చక్రాలు, ఒక మీట అమర్చిన చెక్క పెట్టె. 1968 డిసెంబరు 9న శాన్‌ఫ్రాన్సిస్కోలో ఎంగెల్‌బార్ట్ దానిని బహిరంగంగా ప్రదర్శించాడు. 1970లో పేటెంటు లభించింది. 1984లో ఆపిల్ మెకింటాష్ విడుదలైన తరువాత మౌస్ సామాన్యులకు పరిచయమైంది. 1994లో వచ్చిన ఆపిల్ పవర్‌బుక్ 500 శ్రేణితో లాప్‌టాప్‌లలో ట్రాక్‌ప్యాడ్ వాడకం ఊపందుకుంది.

కీబోర్డు రకాలు

మీట అడుగున ఉండే యంత్రాంగాన్ని బట్టి కీబోర్డులు ముఖ్యంగా మూడు రకాలు.

మెంబ్రేన్ కీబోర్డు: దీనిలో మీటల క్రింద రబ్బరు బుడిపెలు, వాటి క్రింద విద్యుత్ మార్గాలు ముద్రించిన పలుచని ప్లాస్టిక్ పొరలు ఉంటాయి. మీట నొక్కినపుడు పొరలు ఒకదానికొకటి తగిలి సంకేతం వెలువడుతుంది. ధర తక్కువ, శబ్దం తక్కువ. కొన్నేళ్ళకు రబ్బరు బిగుసుకుపోయి మీటలు మొరాయిస్తాయి.

కత్తెర తరహా కీబోర్డు: లాప్‌టాప్‌లలో ఎక్కువగా కనిపిస్తుంది. రబ్బరు బుడిపెతో పాటు కత్తెర ఆకారంలో రెండు ప్లాస్టిక్ ముక్కలు మీటను సమంగా క్రిందికి దించుతాయి. మీట కదలిక తక్కువ.

మెకానికల్ కీబోర్డు: ప్రతి మీటకు విడిగా ఒక స్ప్రింగు, ఒక స్విచ్చి ఉంటాయి. జర్మనీకి చెందిన చెర్రీ సంస్థ స్విచ్చిలు ఈ రకానికి ప్రమాణంగా నిలిచాయి. వాటిలో ఎరుపు రంగువి నిరాటంకంగా దిగుతాయి; గోధుమ రంగువి మధ్యలో చిన్న తట్టును వేలికి తెలియజేస్తాయి; నీలి రంగువి తట్టుతో పాటు టక్కుమని మోగుతాయి. ఎరుపు స్విచ్చి పూర్తి కదలిక 4 మిల్లీమీటర్లు కాగా, 2 మిల్లీమీటర్లు దిగగానే అక్షరం పడుతుంది. ధర, బరువు ఎక్కువైనా ఇవి చాలాకాలం మన్నుతాయి. పాడైన మీటను విడిగా మార్చుకొనవచ్చు. అయితే నలుగురు కూర్చొనే గదికి నీలి స్విచ్చిలు తగవు.

తెలుగులో వ్రాసేవారు గమనించవలసినవి

తెలుగు టైపు చేయడానికి ప్రత్యేకమైన కీబోర్డు కొననవసరం లేదు. మీట ఏ అక్షరాన్ని ఇవ్వాలో నిర్ణయించేది కంప్యూటరులోని సాఫ్ట్‌వేరే. తెలుగు పదాలను ఆంగ్ల అక్షరాలతో ఉచ్చారణ ప్రకారం వ్రాసే పద్ధతి ఒకటి; భారత ప్రభుత్వం ప్రామాణికంగా నిర్ణయించిన ఇన్‌స్క్రిప్ట్ అమరిక మరొకటి. ఇన్‌స్క్రిప్ట్‌లో అచ్చులు, గుణింతపు గుర్తులు ఎడమచేతి వైపు, హల్లులలో ఎక్కువ భాగం కుడిచేతి వైపు ఉంటాయి. ‘క’ అక్షరం తెలుగు, కన్నడ, హిందీ మొదలైన భాషలన్నిటికీ ఒకే మీటపై ఉండటం దీని సౌలభ్యం.

ఈ అమరిక నేర్చుకొనేవారు కీబోర్డు కొనేటపుడు ఒక విషయం పరిశీలించాలి. ఆంగ్లంలో విరామ చిహ్నాలకు కేటాయించిన మీటలపై ఇన్‌స్క్రిప్ట్‌లో చ, ట, డ, య వంటి అక్షరాలు వస్తాయి. చిన్న పరిమాణపు కీబోర్డులు కొన్నిటిలో స్థలం ఆదా చేయడానికి ఈ మీటలనే ఇరుకుగా తయారుచేస్తారు, లేదా వేరొక చోటికి జరుపుతారు. ఆంగ్లంలో అప్పుడప్పుడు మాత్రమే అవసరపడే ఈ మీటలు తెలుగులో ప్రతి వాక్యంలోను అవసరమౌతాయి. కనుక అవి పూర్తి పరిమాణంలో, యథాస్థానంలో ఉన్నదే కొనడం మంచిది. నేర్చుకొనే దశలో మీటలపై అంటించుకొనే తెలుగు అక్షరాల స్టిక్కర్లు ఉపయోగపడతాయి. ఎఫ్, జె మీటలపై ఉండే చిన్న గీతలను చూపుడు వ్రేళ్ళతో తడిమి, చూడకుండా టైపు చేయడం తెలుగుకు కూడా వర్తిస్తుంది.

మౌస్ ఎంపిక

పాత మౌస్‌లలో రబ్బరు పూత గల బంతి దొర్లేది. నేటి మౌస్‌లలో అడుగున ఒక చిన్న దీపం, ఒక చిన్న కెమెరా వంటి గ్రాహకం ఉంటాయి. బల్ల ఉపరితలాన్ని ఇది సెకనుకు వేలసార్లు చిత్రించి, చిత్రాల మధ్య తేడానుబట్టి కదలికను లెక్కిస్తుంది. అందువలననే అద్దపు బల్లపై, మిక్కిలి నున్నని మెరిసే తలాలపై సాధారణ ఆప్టికల్ మౌస్ తడబడుతుంది. ఒక గుడ్డ ప్యాడ్ గాని, తెల్ల కాగితం గాని క్రింద ఉంచితే సరిపోతుంది.

మౌస్‌ను దుకాణంలో చేతితో పట్టుకొని చూసి కొనాలి. అరచేయి దానిపై విశ్రాంతిగా ఆనాలి. వ్రేళ్ళు ముడుచుకొని ఉండకూడదు. పిల్లలకు చిన్నది, పెద్ద చేతులవారికి పెద్దది అవసరం. ఎడమచేతి వాటం గలవారు రెండువైపులా ఒకే ఆకారం గల మౌస్ ఎంచుకోవాలి. పెట్టెపై పెద్ద అక్షరాలతో వేసే డి.పి.ఐ. సంఖ్య అంగుళం కదలికకు మౌస్ ఎన్ని అడుగులుగా లెక్కించగలదో తెలుపుతుంది. సాధారణ అవసరాలకు 800 నుండి 1600 వరకు చాలు; అంతకు మించిన సంఖ్యకు అదనపు ధర చెల్లించనవసరం లేదు.

తీగ గల మౌస్‌కు బ్యాటరీ అవసరం లేదు. పాఠశాలల కంప్యూటరు గదులకు ఇదే అనువైనది. తీగ లేని రకాలలో కొన్ని యు.ఎస్.బి. రిసీవరుతో, కొన్ని బ్లూటూత్‌తో పనిచేస్తాయి. రిసీవరు పోతే మౌస్ నిరుపయోగమయ్యే ప్రమాదం ఉన్నందున, వాడనపుడు దానిని మౌస్ అడుగున ఉండే అరలో భద్రపరచాలి.

ట్రాక్‌ప్యాడ్

ట్రాక్‌ప్యాడ్ వ్రేలి ఒత్తిడిని గాక, వ్రేలి సమీపంలో విద్యుత్ ధారణశక్తిలో కలిగే మార్పును గుర్తిస్తుంది. తడి చేతులతో తాకినపుడు బాణపు గుర్తు అదుపు తప్పడానికి కారణం ఇదే. ఛార్జరు పెట్టినపుడు మాత్రమే గుర్తు గంతులు వేస్తూ, ఛార్జరు తీయగానే కుదుటపడితే ఇంటి వైరింగులో ఎర్త్ సరిగా లేకపోవడాన్ని, లేదా నాసిరకపు ఛార్జరును అనుమానించాలి. లాప్‌టాప్‌ను మార్చే ముందు ఎలక్ట్రీషియన్ చేత ఎర్త్ పరీక్ష చేయించడం ఉచితం.

ట్రాక్‌ప్యాడ్ ఉబ్బెత్తుగా పైకి లేచినా, అకస్మాత్తుగా నొక్కుడు పడకపోయినా దాని అడుగున గల లిథియం బ్యాటరీ ఉబ్బి ఉండవచ్చు. ఇది అగ్నిప్రమాదానికి దారితీయగల లోపం. వెంటనే ఛార్జింగు ఆపి, యంత్రాన్ని కట్టివేసి, మరమ్మతు కేంద్రానికి చూపాలి. పలకను బలంగా అదమడం, ఉబ్బిన బ్యాటరీని గుచ్చడం ఎట్టి పరిస్థితులలోను చేయరాదు.

సంరక్షణ

దుమ్ము ఈ పరికరాలకు ప్రధాన శత్రువు. ఆపిల్ సంస్థ 2015లో ప్రవేశపెట్టిన ‘బటర్‌ఫ్లై’ కీబోర్డు ఇందుకు ప్రసిద్ధ ఉదాహరణ. మీటలను మరీ పలుచగా చేయడం వలన చిన్న రేణువు చొరబడినా అక్షరం పడకపోవడం, లేదా రెండుసార్లు పడటం జరిగేది. ఆ సంస్థ 2018లో ఉచిత మరమ్మతు పథకం ప్రకటించి, 2019 నవంబరులో తిరిగి కత్తెర తరహాకు మళ్ళవలసి వచ్చింది. 2022లో అమెరికాలో ఈ విషయమై దాఖలైన దావాను 5 కోట్ల డాలర్లతో పరిష్కరించుకొనడానికి అంగీకరించింది.

శుభ్రపరచే ముందు కంప్యూటరును కట్టివేసి, తీగను ఊడదీయాలి. కీబోర్డును బోర్లించి మెల్లగా తట్టి, మెత్తని కుంచెతో మీటల సందులలోని దుమ్మును తీయాలి. తరువాత 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాలును గుడ్డకు కొద్దిగా అద్ది తుడవాలి. ద్రవాన్ని నేరుగా పరికరంపై చల్లకూడదు. మెకానికల్ కీబోర్డు మీటలను ఊడదీయదలచినవారు ముందుగా ఒక ఫోటో తీసి ఉంచుకుంటే తిరిగి అమర్చడం సులభం. లాప్‌టాప్ మీటలను పెరకరాదు. వాటి కొక్కేలు సులభంగా విరిగిపోతాయి. మౌస్ అడుగున గ్రాహకపు రంధ్రంలో వెంట్రుక చిక్కినా గుర్తు వణుకుతుంది. పొడి దూది పుల్లతో తీసివేయాలి.

టీ, కాఫీ ఒలికినపుడు వెంటనే విద్యుత్తు ఆపివేసి, కీబోర్డును బోర్లించి ఉంచాలి. నీటికంటె పంచదార కలిసిన పానీయాలు ఎక్కువ హాని చేస్తాయి, ఎందుకంటే ఆరిన తరువాత కూడా జిగురు మిగిలిపోయి, చీమలను కూడా ఆకర్షిస్తుంది. వేడి గాలితోను, తీవ్రమైన ఎండలోను ఆరబెట్టరాదు. లాప్‌టాప్ అయితే తడి లోపలి భాగాలకు చేరి ఉండవచ్చు గనుక నిపుణులకు చూపేవరకు ఆన్ చేయకపోవడమే క్షేమం.

తీగ లేని పరికరాలను నెలల తరబడి వాడకుండా ఉంచేటపుడు బ్యాటరీలను తీసివేయాలి. లేనిచో అవి కారి లోహపు పట్టీలను తినివేస్తాయి. ఒకసారి నొక్కితే రెండుసార్లు నొక్కినట్లు మౌస్ ప్రవర్తిస్తే, సాధారణంగా లోపలి స్విచ్చి అరిగిందని అర్థం. టంకం వేయడం తెలిసినవారు దానిని స్వల్ప ఖర్చుతో మార్చగలరు.

చేతుల ఆరోగ్యం

ఒకే కదలికను గంటల తరబడి చేయడం వలన కండరాలకు, స్నాయువులకు, నరాలకు హాని కలగవచ్చు. మణికట్టులోని మధ్యమ నాడిపై ఒత్తిడి పెరిగినపుడు బొటనవ్రేలు, చూపుడు వ్రేలు, మధ్యవ్రేళ్ళలో తిమ్మిరి కలుగుతుంది. దీనిని కార్పల్ టన్నెల్ సిండ్రోమ్ అంటారు. ఈ క్రింది జాగ్రత్తలు మేలు చేస్తాయి.

- మోచేయి ఇంచుమించు లంబకోణంలో, మణికట్టు తిన్నగా ఉండేటట్లు కుర్చీ ఎత్తును సరిచేసుకోవాలి.
- కీబోర్డు వెనుక ఉండే చిన్న కాళ్ళను ఎత్తితే మణికట్టు పైకి వంగుతుంది. అందువలన వాటిని మడిచి ఉంచడమే మేలు.
- మౌస్‌ను కీబోర్డు ప్రక్కనే, అదే ఎత్తులో ఉంచాలి.
- లాప్‌టాప్‌పై ఎక్కువసేపు పనిచేసేవారు విడి కీబోర్డు, మౌస్ తగిలించుకొని తెరను కంటి ఎత్తుకు లేపుకోవాలి.
- ప్రతి అరగంటకొకసారి చేతులకు విశ్రాంతినివ్వాలి.

తిమ్మిరి రాత్రివేళ నిద్రలేపుతున్నా, పట్టు సడలుతున్నా పరికరాలను మార్చి సరిపెట్టుకొనక వైద్యుని సంప్రదించాలి.

పాతబడిన పరికరాలు

పనిచేయని కీబోర్డులు, మౌస్‌లు ఎలక్ట్రానిక్ వ్యర్థాలు. భారతదేశంలో 2023 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చిన ఎలక్ట్రానిక్ వ్యర్థాల నిర్వహణ నియమాల ప్రకారం వీటిని నమోదైన రీసైక్లింగు సంస్థలకు చేర్చాలి. తీగలలోని రాగి కోసం వీటిని తగులబెట్టడం వలన విషవాయువులు వెలువడతాయి. పనిచేసే స్థితిలో ఉన్నవాటిని శుభ్రపరచి, అవసరమున్న పాఠశాలకో, విద్యార్థికో ఇవ్వడం అన్నిటికంటె ఉత్తమం.