వెనక కాళ్లు పడిపోయిన కుక్కకు ఇంట్లో సేవ.. డైపర్ వేస్తే సరిపోదు, బ్లాడర్ ఖాళీ చేయడం నేర్చుకోవాలి!

యాక్సిడెంట్‌లో నడుముకు దెబ్బ, వెన్నులో డిస్క్ జారడం, డిస్టెంపర్ లాంటి జబ్బు.. కారణం ఏదైనా, పెంపుడు కుక్కకు వెనక కాళ్లు పడిపోతే ఇంట్లోవాళ్లు ముందు భయపడేది అది ఇక నడవలేదనే. రెండు మూడు రోజులు గడిచాక ఇంకో కష్టం మొదలవుతుంది. పరుపంతా తడి, ఇల్లంతా వాసన, తొడల దగ్గర ఎర్రగా ఒరుసుకుపోయిన చర్మం. చాలామంది చేతులెత్తేసేది ఇక్కడే.

నిజానికి నడవలేని కుక్క కూడా ఏళ్ల తరబడి హాయిగా బతకగలదు. దాని ప్రాణం మీదకు తెచ్చేది చాలాసార్లు కాళ్లు కాదు, ఖాళీ కాకుండా ఉండిపోయే మూత్రాశయం. ఆ ఒక్క పని సరిగ్గా జరిగితే మిగతా సేవ అంతా సగం తేలికవుతుంది. అదెలాగో, ఎక్కడ జాగ్రత్తపడాలో చూద్దాం.

కారుతోందంటే ఖాళీ అవుతున్నట్టు కాదు

ఎక్కువమంది పొరపడే విషయం ఇదే. "ఎప్పుడూ కారుతూనే ఉంది, ఇంక లోపల ఏముంటుంది?" అనుకుంటారు. కానీ నిండిపోయిన ట్యాంక్ పొర్లినట్టు, పూర్తిగా నిండిన మూత్రాశయం నుంచి ఎక్కువైన నాలుగు చుక్కలు మాత్రమే బయటకు వస్తుంటాయి. లోపల నిల్వ అలాగే ఉంటుంది.

అలా నిల్వ ఉన్న మూత్రంలో బ్యాక్టీరియా పెరుగుతుంది. ఇన్ఫెక్షన్ కిడ్నీల దాకా పాకే ప్రమాదం ఉంది. ఎక్కువ రోజులు సాగిపోయిన మూత్రాశయం కండరం పట్టు కోల్పోతుంది. తర్వాత కాళ్లకు కదలిక వచ్చినా మూత్రం మీద అదుపు రాకపోవచ్చు. డైపర్ నేలను కాపాడుతుంది, కుక్కను కాదు.

దెబ్బ ఎక్కడ తగిలిందన్నది ముఖ్యం

మూత్రాశయం నిండిందన్న కబురు వెన్నుపాము ద్వారానే మెదడుకు చేరుతుంది. వదలమన్న ఆదేశం కూడా అదే దారిలో వస్తుంది. ఆ దారి ఎక్కడ తెగిందన్న దాన్ని బట్టి సమస్య రెండు రకాలుగా ఉంటుంది.

మొదటిది: వీపు మధ్య భాగంలో దెబ్బ. మూత్రాశయం బిగుసుకుని ఉంటుంది, కింద మూసి ఉంచే కండరం కూడా గట్టిగా బిగుస్తుంది. నొక్కినా తేలిగ్గా రాదు. డాషండ్, పగ్, బీగిల్, షిహ్ ట్జు లాంటి జాతుల్లో డిస్క్ సమస్య వచ్చినప్పుడు ఎక్కువగా కనిపించేది ఇదే.

రెండోది: నడుము కింది భాగంలో, తోక మొదలు దగ్గర దెబ్బ. మూత్రాశయం వదులైపోతుంది. నొక్కితే సులువుగా వస్తుంది, కానీ కదిలించినా, ఎత్తుకున్నా, మొరిగినా కారిపోతుంది.

మీ కుక్కది ఏ రకమో వెటర్నరీ డాక్టర్ పరీక్ష చేసి చెబుతారు. మందులు, నొక్కే పద్ధతి, రోజుకు ఎన్నిసార్లు అన్నవి దాన్ని బట్టే ఉంటాయి.

ముందు ఆస్పత్రి.. ఆ తర్వాతే ఇంటి సేవ

నిన్నటిదాకా పరిగెత్తిన కుక్క ఇవాళ కాళ్లు ఈడుస్తోందంటే అది ఎమర్జెన్సీ. "రెండు రోజులు చూద్దాం" అనుకోవద్దు. డిస్క్ వెన్నుపామును నొక్కుతుంటే గంటలు కూడా విలువైనవే. కాలి వేలిని గట్టిగా నొక్కినప్పుడు కుక్కకు నొప్పి తెలుస్తోందా లేదా అని డాక్టర్లు చూస్తారు. నొప్పి తెలుస్తుంటే కోలుకునే అవకాశాలు చాలా బాగుంటాయి. తెలియని స్థితిలో కూడా డిస్క్ సమస్యకు త్వరగా ఆపరేషన్ చేస్తే దాదాపు సగం కుక్కలు మళ్లీ నడుస్తాయి.

మన దగ్గర తప్పనిసరిగా గుర్తుంచుకోవాల్సింది ఇంకోటుంది. టీకాలు వేయని కుక్క గానీ, ఈమధ్యే చేరదీసిన వీధి కుక్క గానీ ఉన్నట్టుండి పడిపోతే, నోటి నుంచి చొంగ కారుతుంటే, మింగలేకపోతుంటే రేబిస్ కూడా కావచ్చు. రేబిస్ అంటే పిచ్చెక్కి కరవడం ఒక్కటే కాదు, పక్షవాతం రూపంలోనూ వస్తుంది. డాక్టర్ చూసేదాకా నోట్లో చేయి పెట్టొద్దు, పిల్లల్ని దగ్గరికి రానీయొద్దు. కరిచినా, గాయం మీద చొంగ పడినా 15 నిమిషాలు సబ్బు నీళ్లతో కడిగి వెంటనే టీకాకు వెళ్లాలి.

హైదరాబాద్ రాజేంద్రనగర్, తిరుపతి, గన్నవరంలోని పశువైద్య కళాశాలలకు అనుబంధంగా ఆస్పత్రులు ఉన్నాయి. దగ్గర్లో పెట్ క్లినిక్ లేనివాళ్లు అక్కడ చూపించుకోవచ్చు.

బ్లాడర్ ఎలా ఖాళీ చేయాలి?

ఫోన్‌లో వీడియో చూసి నేరుగా మొదలుపెట్టొద్దు. మొదటిసారి డాక్టర్ చేయి మీద మీ చేయి పెట్టి, లోపల మూత్రాశయం ఎలా తగులుతుందో తెలుసుకోవాలి. క్లినిక్‌లోనే రెండు మూడుసార్లు మీ చేత చేయించుకోండి. తర్వాత ఇంట్లో ఈ పద్ధతి పాటించొచ్చు.

1. గ్లవ్స్ వేసుకోండి. కుక్క మూత్రం ద్వారా లెప్టోస్పైరోసిస్ మనుషులకు సోకొచ్చు. కుక్కకు ఆ టీకా ఉందో లేదో కూడా చూసుకోండి.

2. బాత్రూమ్‌లో జారని మ్యాట్ మీద కుక్కను నిలబెట్టండి. వెనక భాగాన్ని ఇంకొకరు పట్టుకుంటే సులువు. నిలబెట్టడం కుదరకపోతే పక్కకు పడుకోబెట్టి కింద ప్యాడ్ వేయండి.

3. పొట్ట వెనక భాగంలో, తొడలకు కాస్త ముందు రెండు వైపులా అరచేతులు ఆనించండి. నీళ్లు నింపిన బుడగలా గుండ్రంగా తగిలేదే మూత్రాశయం.

4. వేళ్ల కొసలతో పొడవొద్దు. వేళ్లను చదునుగా ఉంచి, రెండు చేతులూ దగ్గరికి తెస్తూ నెమ్మదిగా, తోక వైపు ఒత్తిడి పెట్టండి. ధార మొదలయ్యాక అదే ఒత్తిడి ఉంచండి. మధ్యలో వదిలి మళ్లీ మళ్లీ గుచ్చినట్టు నొక్కితే కండరం బిగుసుకుంటుంది.

5. ధార ఆగాక కాసేపు ఆగి, చేతుల స్థానం కొంచెం మార్చి మరోసారి నొక్కండి. బుడగ చిన్నగా, మెత్తగా అయిపోయిందంటే పని అయినట్టే.

6. పొట్ట బిగబట్టి ఎదురు తిరుగుతుంటే ఆగిపోండి. కుక్కను శాంతపరిచి పది నిమిషాల తర్వాత ప్రయత్నించండి. బలం ఉపయోగిస్తే మూత్రాశయం పగిలే ప్రమాదం ఉంది.

బాగా నిండినట్టు తగులుతోంది, ఎంత నొక్కినా చుక్క రావట్లేదు అంటే ఇక నొక్కొద్దు. మగ కుక్కల్లో రాయి అడ్డుపడి కూడా అలా కావచ్చు. అప్పుడు ఆస్పత్రిలో సన్నటి ట్యూబ్ వేసి తీస్తారు.

రోజుకు ఎన్నిసార్లు? ఎంత రావాలి?

సాధారణంగా రోజుకు 3 నుంచి 4 సార్లు, అంటే 6 నుంచి 8 గంటలకోసారి. పొద్దున 6, మధ్యాహ్నం 12, సాయంత్రం 6, రాత్రి పడుకునే ముందు.. ఇలా టైమ్ పెట్టుకుని ఫోన్‌లో అలారం పెట్టండి. వదులు మూత్రాశయం ఉన్న కుక్కకు ఇంకాస్త తరచుగా చేయాల్సి రావచ్చు.

ఆరోగ్యంగా ఉన్న కుక్కకు కిలో బరువుకు గంటకు 1 నుంచి 2 మిల్లీలీటర్ల మూత్రం తయారవుతుంది. అంటే 10 కిలోల కుక్కకు రోజుకు సుమారు 240 నుంచి 480 మిల్లీలీటర్లు. నాలుగుసార్లు తీస్తే ఒక్కోసారి 60 నుంచి 120 వరకు రావాలి. మొదటి వారం ఒక పాత గిన్నెలో పట్టి కొలిచి, గోడ మీద క్యాలెండర్‌లో రాసుకోండి. కొలత ఒక్కసారిగా తగ్గితే లోపల నిల్వ ఉంటోందన్న అనుమానం ముందే వస్తుంది. స్టెరాయిడ్ మందులు వాడుతుంటే దాహం, మూత్రం రెండూ పెరుగుతాయి.

తడి తగ్గుతుందని నీళ్లు తగ్గించడం పెద్ద తప్పు. నీళ్లు తగ్గితే మూత్రం చిక్కబడి ఇన్ఫెక్షన్‌కు, చర్మం మంటకు దారి తీస్తుంది.

మలం విషయంలో బెంగ తక్కువే

పేగులు తమంతట తాము కదులుతాయి కాబట్టి మలం ఆగిపోవడం తక్కువ. కుక్కకు తెలియకుండానే వచ్చేస్తుంది, అంతే. దీన్ని కూడా టైమ్‌కు అలవాటు చేయొచ్చు. తిన్న 20, 30 నిమిషాల తర్వాత బాత్రూమ్‌కు తీసుకెళ్లి, గోరువెచ్చని తడి గుడ్డతో మలద్వారం చుట్టూ మెల్లగా తుడుస్తుంటే చాలా కుక్కలు వెంటనే కానిస్తాయి. బ్లాడర్ నొక్కినప్పుడు కూడా మలం వచ్చేస్తుంటుంది.

రోజూ ఒకే తిండి, ఒకే టైమ్‌కు పెడితే మలం గట్టిగా వచ్చి శుభ్రం చేయడం సులువవుతుంది. గట్టిపడి ఇబ్బంది పడుతుంటే ఉప్పూ కారం లేకుండా ఉడికించిన తియ్య గుమ్మడికాయ కొద్దిగా కలపొచ్చు. ఎముకలు పెట్టొద్దు. మనుషులకు వాడే ఎనిమా ఇంట్లో ఇవ్వొద్దు, అందులోని లవణాలు చిన్న కుక్కల ప్రాణం తీయగలవు.

చర్మం, డైపర్, ఈగలు

మూత్రం తడి గంటల తరబడి ఉంటే చర్మం కాలినట్టు ఎర్రబడుతుంది. తోక కింద, తొడల లోపల వెంట్రుకలు కురచగా కత్తిరించండి. తడిసిన ప్రతిసారీ గోరువెచ్చని నీళ్లతో కడిగి, మెత్తని గుడ్డతో అద్ది పూర్తిగా ఆరనివ్వండి. డెటాల్, ఫినాయిల్ చర్మానికి తాకించొద్దు. నేల తుడవడానికి ఫినాయిల్ వాడినా అది ఆరాకే కుక్కను వదలండి.

చంటిపిల్లల ర్యాష్ క్రీముల్లో చాలావాటిలో జింక్ ఆక్సైడ్ ఉంటుంది. కుక్క నాకితే అది విషం. శుభ్రమైన, ఆరిన చర్మం మీద పలచగా పెట్రోలియం జెల్లీ రాస్తే తడి అంటకుండా ఉంటుంది. ఇప్పటికే పుండు పడితే మాత్రం డాక్టర్ ఇచ్చిన మందే.

డైపర్ విషయానికొస్తే, పిల్లల డైపర్‌కు తోక కోసం రంధ్రం చేసి వాడుకోవచ్చు. మగ కుక్కలకు నడుము చుట్టూ కట్టే బెల్ట్ రకం ఉంటుంది. బ్లాడర్ ఖాళీ చేశాక వేయాలి, రెండు మూడు గంటలకోసారి చూసి మార్చాలి. రోజులో కొన్ని గంటలైనా గాలి తగలనివ్వాలి.

మన వాతావరణంలో, ముఖ్యంగా వానాకాలంలో, ఈగలతో చాలా జాగ్రత్త. మలమూత్రాలు అంటిన బొచ్చులో ఈగ గుడ్లు పెడితే ఒక్క రోజులోనే పురుగులు పడతాయి. కుక్కకు నడుము కింద స్పర్శ ఉండదు కాబట్టి అది అరవదు, నాకదు. పొద్దున, రాత్రి మీరే బొచ్చు విడదీసి చూడాలి. దాన్ని దోమతెర కింద, నీడలో పడుకోబెట్టండి.

పడక, నేల

మందపాటి ఫోమ్, దాని మీద రెక్సిన్ కవర్, పైన పాత నూలు చీరలతో కుట్టిన బొంత. తడిస్తే బొంత ఒక్కటే మార్చుకోవచ్చు. నాలుగు గంటలకోసారి పక్క తిప్పాలి, లేకపోతే తుంటి ఎముక, మోచేతుల దగ్గర పుండ్లు పడతాయి.

టైల్స్, మార్బుల్ మీద కాళ్లు ఈడిస్తే పాదాల పైభాగం గీసుకుపోతుంది. తిరిగే చోట యోగా మ్యాట్‌లు పరవండి. చక్రాల బండి మంచిదే, కానీ డాక్టర్ సరే అన్నాక మొదట్లో కొన్ని నిమిషాలే. బండిలో కుక్క పడుకోలేదు కాబట్టి ఎవరో ఒకరు పక్కనే ఉండాలి.

సొంత వైద్యం వద్దు

బిగుసుకున్న కండరాన్ని వదులు చేయడానికి ప్రాజోసిన్, వదులైన మూత్రాశయానికి పట్టు ఇవ్వడానికి బెథానెకోల్ లాంటి మందులు ఉన్నాయి. ఒక రకం సమస్యకు ఇంకో రకం మందు వేస్తే మేలు కాకపోగా కీడు జరుగుతుంది. ఇంట్లో ఉన్న ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్, పారాసిటమాల్ బిళ్లలు అస్సలు వేయొద్దు. మిగిలిపోయిన యాంటీబయాటిక్స్ కూడా వద్దు. మూత్రం కల్చర్ టెస్ట్ చేస్తే ఏ మందు పని చేస్తుందో తెలుస్తుంది.

తిట్టడం కాదు, పని పంచుకోవడం

పరుపు మీద పోసిందని తిట్టినా, కొట్టినా కుక్కకు ఎందుకో అర్థం కాదు. అది చేసింది కాదు, దానికి తెలియకుండా జరిగింది. ఇంట్లో ఒక్కరి మీదే భారం పడితే నెల తిరిగేసరికి వాళ్లు అలసిపోతారు. కనీసం ఇద్దరు బ్లాడర్ నొక్కడం నేర్చుకోవాలి. చేయి అలవాటు పడితే ఒక్కోసారి ఐదు నిమిషాల పనే.

ఇక చేయలేమని ఊరవతల వదిలేసి రావడం దానికి చావుతో సమానం. తిండీ నీళ్లూ లేక బాధపడేలా జంతువును వదిలేయడం 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం సెక్షన్ 11 కింద నేరం కూడా. నిజంగా కుదరని పరిస్థితి వస్తే దాచిపెట్టకుండా డాక్టర్‌తో మాట్లాడండి.

ఇవి కనిపిస్తే ఆలస్యం చేయొద్దు

మూత్రం మడ్డిగా, ఘాటు వాసనతో లేదా రక్తంతో రావడం. 12 గంటలుగా మూత్రం తీయలేకపోవడం. పొట్ట ఉబ్బి గట్టిపడటం. తిండి మానేసి వాంతులు చేసుకోవడం. జ్వరం, మగతగా పడి ఉండటం. ఎక్కడైనా పుండు, పురుగులు. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా అదే రోజు ఆస్పత్రికి తీసుకెళ్లాలి. స్పర్శ లేని కుక్క మూత్రంలో మంట ఉన్నా చెప్పలేదు, మూలగదు. రోజూ చూసే కళ్లు, పట్టి కొలిచే గిన్నె.. దానికి ఉన్న అలారం అవే.

గమనిక: ఈ కథనం అవగాహన కోసమే. మీ కుక్క పరిస్థితిని బట్టి వెటర్నరీ డాక్టర్ సలహా మేరకే ఏదైనా పాటించండి.