బాడుగ లెక్క: సుంకేసుల కాలువలో పడవల కథ



విత్తనానికి ఎంతైంది, ఎరువుకు ఎంతైంది, కలుపు కూలికి ఎంతైంది అని అడిగితే మీరు వేళ్ళ మీద లెక్క చెప్పగలరు. సరుకు మార్కెట్టుకు చేర్చడానికి ఎంతైంది అంటే మాత్రం, "లారీవాడు అడిగినంత ఇచ్చినాము" అంటారు. అతడు ఎందుకంత అడిగినాడు, అందులో అతనికి మిగిలేదెంత? ఈ సంగతి తెలియకుండా బేరమాడడం తూకం చూడకుండా పంట అమ్మడం వంటిదే. ఈ లెక్క నేర్చుకోవడానికి మనం దూరం పోనక్కరలేదు. మన పొలాల పక్కన పారే కర్నూలు–కడప కాలువ చరిత్ర చాలును.

ముందు కాలువ రాకపూర్వపు మాట. 1800లో మన జిల్లాలు చాలావరకు నిజాము చేతి నుండి కుంపిణీ చేతికి వచ్చినాయి. కర్నూలు నవాబు సీమ మాత్రం 1839 దాకా వేరుగానే ఉండెను. ఆ రోజుల్లో దూరపు సరుకంతా సుగాలీల పెరికెద్దుల మీదనే నడిచేది. కోస్తా నుండి ఉప్పు వేసుకొని కనుమలు దాటి వచ్చేవారు. ఇక్కడ ధాన్యమో పత్తియో ఎత్తుకొని మళ్ళీ దిగేవారు. ఎద్దు ఒక్కటికి వంద కిలోలకు కొంచెం పైన బరువు. నడక చూస్తే నత్తనడక. అయినా ఎందుకు గిట్టుబాటైంది? ఎద్దులు దారి పొడుగునా అడవిలోను, బీళ్ళలోను మేసేవి. మేతకు కాసు ఖర్చు లేదు. పోయేటప్పుడూ వచ్చేటప్పుడూ వీపు ఖాళీగా ఉండేది కాదు. పైగా చాలాసార్లు ఆ సరుకు వారి సొంతమే. చవుక ఉన్నచోట కొని, ప్రియమైనచోట అమ్మేవారు. బాడుగలో మిగలనిది బేరంలో మిగిలేది. చదువు లేనివారని మనం తేలికగా అంటాము గాని, రవాణా లెక్క వారికి తెలిసినంతగా తర్వాత వచ్చిన దొరలకు తెలియలేదని నా అభిప్రాయం.

బాటలు బాగుపడినకొద్దీ బండ్లు వచ్చినాయి. మంచి బాట మీద ఒక జత ఎద్దులు అరటన్ను సులభంగా లాగుతవి. అయితే వాన పడితే రేగడిలో చక్రం దిగబడుతుంది. కరువు వస్తే మేత లేక ఎద్దే పడిపోతుంది. 1876–78 నాటి పెద్ద కరువులో ఈ బాధ బయటపడింది. గుత్తి, కడప స్టేషన్ల దాకా రైలు గింజలు తెచ్చి పోసింది. కర్నూలుకు అప్పటికి రైలు లేదు. స్టేషను నుండి పల్లెకు చేర్చవలసిన ఎద్దులేమో మేతా నీళ్ళూ లేక చస్తుండినాయి. వందల మైళ్ళ ప్రయాణం సాగిన గింజ చివరి కొన్ని మైళ్ళ దగ్గర చిక్కుకొన్నది.

ఇక కాలువ సంగతి. గోదావరి మీద 1852 నాటికి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తిచేసిన ఆర్థరు కాటను దొర వాదం ఏమంటే, నీటి మీద సరుకు పోయినంత చవుకగా రైలు మీద పోదు. కాబట్టి పొలాలకు నీరిచ్చే కాలువలోనే పడవలు కూడా నడపాలి అని. మాట నిజమే. నేల మీద ఒక జత ఎద్దులు లాగేదానికి ఎన్నో రెట్లు నీటి మీద లాగవచ్చును. ఈ ఆశతో మద్రాసు ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ లండనులో మూలధనం పోగుచేసింది. సుంకేసుల దగ్గర తుంగభద్రకు ఆనకట్ట వేసి, 1863 నుండి 1870 దాకా కాలువ తవ్వినారు. పొడవు సుమారు 190 మైళ్ళు, అనగా 306 కిలోమీటర్లు.

కంపెనీ వేసిన సొమ్ములో 10 లక్షల పౌన్లకు నూటికి 5 చొప్పున వడ్డీ ఇస్తామని సర్కారు పూచీ పడింది. అంటే ఏడాదికి 50 వేల పౌన్లు. అప్పటి మారకంలో దాదాపు 5 లక్షల రూపాయలు. రోజుకు వేసి చూడండి, 1,370 రూపాయలు. కాలువలో పడవ నడిచినా నడవకున్నా ఈ వడ్డీ నడుస్తూనే ఉంటుంది. రోజుకు పది పడవలు నడిచినాయనుకుంటే పడవ నెత్తిన 137 రూపాయలు పడుతుంది. వంద నడిస్తే 14 రూపాయలకు దిగుతుంది. ఇందులో కొంతభాగం నీటితీరువా మోస్తుంది, సరే. ఆ రోజుల్లో రేగడి రైతు, తన జొన్నకూ పత్తికీ నీరెందుకని, కాలువ నీటికి తొందరపడలేదు. కనుక అటూ రాబడి లేదు, ఇటూ రాబడి లేదు. సొమ్ము చాలక 1866లో సర్కారు వద్ద ఇంకో 6 లక్షల పౌన్లు అప్పు తెచ్చినారు.

పడవలు ఎందుకు నిండలేదు? అసలు పథకం ప్రకారం ఈ జలమార్గం నెల్లూరు దాకా, సముద్రపు ఒడ్డు దాకా పోవలసింది. కడప దగ్గరే ఆగిపోయింది. రేవుకు చేరని పడవలో పత్తి ఎవరు ఎక్కిస్తారు? కడపలో దించి మళ్ళీ రైలుకో బండికో ఎక్కించాలంటే కూలి రెండింతలు. పైగా కర్నూలు నుండి కడపకు నేల వంద మీటర్లకు పైన దిగుడు. పడవ లాకు తర్వాత లాకు దాటుతూ, ప్రతి లాకు దగ్గరా కాచుకొని పోవలసిందే. ఎండాకాలం వచ్చేసరికి తుంగభద్రలో ఇసుక తేలుతుంది, కాలువ ఎండుతుంది. గోదావరి డెల్టాలో నేల చదును, సరుకు దండి, పక్కనే కాకినాడ రేవు. అక్కడ ఫలించిన కాగితాన్ని ఇక్కడ పరిస్తే ఫలించలేదు. ఈలోగా 1871లో మద్రాసు రైలు రాయచూరు చేరి బొంబాయి రైలును కలిసింది. రైలుకు మైలు బాడుగ ఎక్కువే కావచ్చు. కాని అది ఏడాది పొడుగునా నడిచింది, రేవు దాకా పోయింది. చివరకు 1882లో సర్కారే కాలువను కొనివేసింది. 1933 తర్వాత అది సాగునీటి కాలువగానే మిగిలింది. సాగుకు మాత్రం అది బంగారమే అయింది; నంద్యాల వరి మడులు చూసినవారికి వేరే చెప్పనక్కరలేదు.

ఇప్పుడు మీ ఇంటి ముందరి లారీ దగ్గరకు వద్దాము. ఈ అంకెలు లెక్క అర్థం కావడానికి వేసినవే. మీ ఊరి అంకెలు మీరు వేసుకోండి. వాయిదా, ఇన్సూరెన్సు, పన్ను, డ్రైవరు జీతం కలిపి నెలకు 60,000 అనుకుందాము. ఇది కాలువ వడ్డీ వంటిది, చక్రం కదలకున్నా తప్పదు. నెలకు 20 ట్రిప్పులు దొరికితే ట్రిప్పుకు 3,000 పడుతుంది, 10 ట్రిప్పులే దొరికితే 6,000. డీజిలు, టోలు, టైర్ల అరుగుదల రానుపోను 8,000 అనుకోండి. అప్పుడు పది టన్నుల ఉల్లిగడ్డ మీద కిలోకు అసలు ఖర్చు 1 రూపాయి 10 పైసలో, 1 రూపాయి 40 పైసలో అవుతుంది. తిరుగు సరుకు దొరికి దాని మీద 5,000 వస్తే, మొదటి లెక్కలో మీ కిలోకు 60 పైసలు తీసుకున్నా అతనికి నష్టం లేదు. అదే లారీ యార్డు గేటు ముందర రెండు రోజులు నిలబడిందా, రోజుకు 2,000 చొప్పున కిలోకు ఇంకో 40 పైసలు ఎక్కుతుంది. ఆ పైసలు ఎవరో ఒకరు కట్టవలసిందే, చాలాసార్లు అది రైతే.

ఉల్లి కిలో 15 రూపాయలు పలికినప్పుడు ఈ 1.10 పెద్దగా కనిపించదు. 3 రూపాయలకు పడినప్పుడు అదే 1.10 మూడోవంతుకు మించిపోతుంది. ధర పడితే బాడుగ పడదు, ఎందుకంటే డీజిలు బంకులో ఉల్లి ధర అడగరు. కడప బండకూ ఇదే తంటా: గనిలో చవుక, దూరపు ఊరిలో ప్రియం, నడుమ ఉన్నది చాలావరకు బాడుగే. కాబట్టి బేరానికి ముందు లారీవానిని రెండు మాటలు అడగండి: తిరిగి వచ్చేటప్పుడు ఏమి వేసుకొస్తున్నావు, మార్కెట్టులో ఎంతసేపు నిలబడవలసి వస్తుంది అని. నలుగురు రైతులు కలిసి నిండు లోడు చేసి, యార్డు ఖాళీగా ఉండే రోజు చూసి పంపితే, ఆ రెండు మాటల విలువ కిలోకు పైసల్లో కనిపిస్తుంది.

2016లో నంద్యాల–ఎర్రగుంట్ల రైలు మార్గం తెరచినారు. బనగానపల్లె, కోవెలకుంట్ల, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు మీదుగా, పూర్వం పడవలు నడవాలనుకున్న సీమ గుండానే అది పోతుంది. విస్తరణ అధికారులు ఒక పని చేయవచ్చును. మీ గ్రామం నుండి దగ్గరి స్టేషనుకు బండి బాడుగ, అక్కడ ఎక్కించే హమాలీ, రైలు రేటు, అవతల దించే హమాలీ, మళ్ళీ మార్కెట్టుకు ఆటో బాడుగ, దారిలో పోయే తరుగు, ఇవన్నీ కిలోకు ఎంత అని ఒక కాగితం మీద వేసి, పక్కనే లారీ రేటు రాసి రైతుల ముందు పెట్టండి. పంటవారీగా, నెలవారీగా ఆ కాగితం మార్చుకుంటూ ఉండండి.