రెండో మగ్గం

భూస్వామికీ జీతగాడికీ నడుమ ఉన్న సంబంధం గురించి తెలుగు సాహిత్యం విస్తారంగానే రాసింది. మిల్లు యజమానీ కార్మికుడూ కూడా మనకు పరిచితులే. ఈ రెంటి మధ్య ఉన్న ఒక ఘట్టం మాత్రం మన రచయితల దృష్టికి తగినంతగా రాలేదు. తన రెక్కల మీద తాను బతికే చిన్న ఉత్పత్తిదారు మొట్టమొదటిసారి ఇంకొకరిని కూలికి పెట్టుకునే ఘట్టమది. నల్లగొండ చేనేతలో దానికి గుర్తు రెండో మగ్గం.

'పెట్టుబడి' మొదటి సంపుటంలో మార్క్స్ ఈ ఘట్టాన్ని లెక్కగట్టి చూపాడు. 12 గంటల పనిదినంలో 8 గంటలు కూలివాని పోషణకూ, 4 గంటలు అదనపు విలువకూ పోతాయనుకుందాం. యజమాని తాను పనిచేయకుండా కూలివాని స్థాయిలో బతకాలన్నా ఇద్దరిని పెట్టుకోవాలి. దానికి రెట్టింపు స్థాయిలో బతుకుతూ, అదనపు విలువలో సగాన్ని మళ్లీ పెట్టుబడిగా మార్చాలంటే ఎనిమిది మంది కావాలి. ఒక్కరిని మాత్రమే పెట్టుకున్నవాడు తానూ మగ్గం గుంటలో దిగక తప్పదు. అతడు సగం యజమాని, సగం శ్రామికుడు.

పోచంపల్లి ప్రాంతానికి చిటికి పనితనం 20వ శతాబ్ది తొలి దశకాల్లో చీరాల వైపు నుంచి వచ్చింది. 1970ల నుంచి నూలుతోపాటు పట్టు నేత పెరిగింది. పట్టు ఖరీదైన సరుకు. దాన్ని సొంతంగా కొనుక్కోలేని నేతగాడు సావుకారు ఇచ్చిన పట్టుతో చీర నేసి, అప్పగించి, మజూరి తీసుకోవలసి వచ్చింది. కాస్త కూడబెట్టుకోగలిగినవాడు రెండో మగ్గం వేసి కూలి నేతగాణ్ణి పెట్టుకున్నాడు. పైకి కనిపించే చరిత్ర ఇంతవరకే.

కానీ చిటికి చీర మగ్గం మీద మొదలుకాదు. ముందు ఆసు పోయాలి. అంటే అర్ధచంద్రాకారంలో దిగేసిన మేకుల చుట్టూ పేక దారాన్ని చేత్తో తిప్పాలి. తర్వాత నమూనా ప్రకారం చిటికి కట్టాలి, రంగు అద్దాలి, ఆరబెట్టాలి, విప్పాలి, కండెలు చుట్టాలి. ఒక్క చీర ఆసుకు చెయ్యి సుమారు 9,000 సార్లు అటూ ఇటూ కదలాలి. తరతరాలుగా ఇది ఇంటి ఆడవాళ్ల పని. నాటి నల్లగొండ జిల్లా శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం తన తల్లి భుజాల నొప్పి చూడలేక ఆసు యంత్రానికి పూనుకున్నాడు. 1999లో దాన్ని సాధించాడు. 2017లో ఆయనకు పద్మశ్రీ ఇచ్చారు. కానీ ఆ తల్లి చేసిన పని అంతకుముందు ఏ కూలి లెక్కలోకి ఎక్కింది?

మజూరి కట్టేది చీరకు. రెండో మగ్గం యజమాని ఇంట్లో పడితే అతని భార్య పోసే ఆసు రెట్టింపవుతుంది. కూలి నేతగాని ఇంట్లో పడితే అతని భార్య శ్రమ ఆ మజూరిలోనే కలిసిపోతుంది. ఎక్కడ పడినా సావుకారు పద్దులో ఉండేది మగవాని పేరొక్కటే. మొదటి కూలివాడు రాకముందే ఆ ఇంట్లో ఒక శ్రామికురాలు ఉంది. ఆమెను ఎవరూ పనికి పిలవలేదు, ఎవరూ కూలి ఇవ్వలేదు.

పిలిచి పెట్టుకున్నవాడు కూడా పూర్తి స్వేచ్ఛతో రాలేదు. అడ్వాన్సు తీసుకుని వచ్చాడు. అది తీరేదాకా మరో సావుకారు దగ్గరికి పోలేడు. ఈ నేలకు ఆ పద్ధతి కొత్త కాదు. అప్పుకింద మనిషిని కట్టేసుకునే భగేలాను అదుపు చేయడానికి నిజాం ప్రభుత్వం 1936లోనే నిబంధన తేవలసి వచ్చింది. పాలమూరు కూలీలను దూరదూరాల ప్రాజెక్టు పనులకు తీసుకుపోయిన మేస్త్రీల చేతిలో ఉన్నదీ అడ్వాన్సే. అప్పుకు బదులు చాకిరీని రద్దుచేస్తూ 1976లో పార్లమెంటు చట్టం చేసింది. నేతగాడు భగేలా కాడు, నిజమే. అయినా అతని కూలి కంటే ముందు అతని అప్పు పద్దుకెక్కుతుంది.

1948 ఫ్యాక్టరీల చట్టం విద్యుత్తు వాడేచోట 10 మంది, వాడనిచోట 20 మంది ఉంటేనే కార్ఖానాగా గుర్తించింది. 2020లో చేసిన కోడు ఆ సంఖ్యలను 20కి, 40కి పెంచింది. రెండు మగ్గాల ఇల్లు ఈ గీతకు చాలా దిగువన ఉంది.

చట్టం చూడని చోటును సాహిత్యం చూడాలి. చేనేతను కళగా కీర్తించడం తేలిక. చిన్న యజమానిని సావుకారుతో సమంగా దుయ్యబట్టడమూ తేలికే. సరుకు ధర పెరిగిననాడు అతడు తిరిగి కూలివాడు కాగలడు. ఆ ఊగిసలాటనూ, దానికి ఆధారంగా నిలిచిన ఆసు ముందరి మనిషినీ కలిపి చూసినప్పుడే మన వాస్తవికత పూర్తవుతుంది. రెండో మగ్గం కథ రాయబోయే రచయిత మొదట ఆమెకు రావలసిన కూలి లెక్కగట్టాలి.