రోగశయ్యపై నున్న కార్మికుడు - చట్ట రక్షణ చరిత్ర

జబ్బుపడిన కార్మికునకు రెండు చింతలు. ఒకటి దేహమును గూర్చి, రెండవది కొలువును గూర్చి. మందులకు డబ్బు కావలసిన సమయముననే కూలి ఆగిపోవును. మరి కొన్నాళ్లకు హాజరుపట్టీలో పేరు కూడ ఉండునో లేదో తెలియదు. స్వగ్రామములు విడిచి మదరాసు, బొంబాయి, షోలాపురము మిల్లులలో జీవించిన మన పూర్వులకు ఈ రెండవ చింత మరింత భారమైనది. ఆ చింత తీర్చుటకు పుట్టిన చట్టముల చరిత్రలో మనవారికిని భాగము కలదు.

1927లో జెనీవాలో సమావేశమైన అంతర్జాతీయ కార్మిక మహాసభ, పరిశ్రమలలోని కార్మికులకు అనారోగ్య బీమా ఉండవలెనను ఒడంబడికను ఆమోదించెను. ఆ సభకు భారత కార్మికుల ప్రతినిధిగా వెళ్లినవారు గంజాము బరంపురమున జన్మించిన శ్రీ వరాహగిరి వేంకటగిరిగారు.

మన దేశమున ఆ ఆశయము ఫలించుటకు రెండు దశాబ్దములు పట్టెను. 1943లో ప్రభుత్వము నియమింపగా ఆచార్య బి. పి. అదార్కరు మరుసటి సంవత్సరము ఆరోగ్య బీమా పథకమును సమర్పించెను. దాని ఫలితమే 1948 నాటి ఉద్యోగుల రాజ్య బీమా చట్టము. 1952 ఫిబ్రవరి 24న కాన్పూరు, ఢిల్లీ నగరములలో ఆ పథకము ప్రారంభమయ్యెను. జబ్బుకాలపు భత్యము తొలుత సంవత్సరమునకు 56 దినములే. తరువాత అది 91 దినములకు పెరిగెను. ఆ చట్టములోని 73వ సెక్షను మరియొక మేలు చేసెను: కార్మికుడు జబ్బు భత్యము పొందుచున్న కాలమున యజమాని అతనిని తొలగింపరాదు, శిక్షింపరాదు, అట్టి నోటీసు ఇచ్చినను చెల్లదు.

1953లో గిరిగారు కేంద్ర కార్మిక మంత్రిగా నున్నపుడు పారిశ్రామిక వివాదముల చట్టము సవరింపబడెను. పని తగ్గి కార్మికులను తొలగించునపుడు, పూర్తియైన ప్రతి సంవత్సరపు సేవకు 15 దినముల సగటు వేతనము పరిహారముగా ఈయవలెనని నిర్ణయించిరి. జబ్బు వలన పనికి రాలేకపోయినంత మాత్రమున సేవ తెగినట్లు కాదనియు అందు చెప్పిరి. కాని ఒక వెలితి మిగిలెను. ఎడతెగని అనారోగ్యము కారణముగ తొలగించినచో, అది ఈ పరిహారమునకు అర్హమైన తొలగింపు కాదని అదే సవరణ నిర్వచించెను.

రెండవ వెలితి మదరాసున బయటపడెను. 1957లో బకింగ్‌హాము కర్ణాటిక్ మిల్లు కార్మికుడొకడు సెలవు ముగిసినను రాలేదు. పిదప వైద్యుని పత్రము చూపెను. ఎనిమిది పని దినములు అనుమతి లేక రానివాడు తనంతట తానే కొలువు విడిచినట్లు భావింపబడునని మిల్లు నియమము. 73వ సెక్షను అతనికి రక్షణయని వాదించిరి. 1963లో సుప్రీంకోర్టు ఆ వాదమును అంగీకరింపలేదు. ఆ సెక్షను యజమాని చేయు శిక్షకే అడ్డు గాని, నియమము ననుసరించి దానంతట అదే ముగిసిన కొలువునకు వర్తింపదనెను. ముప్పది సంవత్సరముల తరువాత, 1993లో, డి. కె. యాదవ్ వ్యాజ్యమున అదే న్యాయస్థానము, అట్టి నియమమున్నను కార్మికుని సంజాయిషీ వినక, విచారణ జరుపక అతని కొలువును ముగింపరాదని తీర్పు చెప్పెను.

1948 నాటి బీమా చట్టమునకు, పారిశ్రామిక వివాదముల చట్టమునకు బదులుగా 2020 నాటి కార్మిక స్మృతులు 2025 నవంబరు 21 నుండి అమలులోనికి వచ్చినవి. కావున నేటి హక్కులను ఆ స్మృతులలోనే వెదకవలెను. మదరాసు కార్మికుని కథ మాత్రము మన యిండ్లలో చెప్పుకొనదగినది. జబ్బు నిజమైనంత మాత్రమున చాలదు. ఆ సంగతి సకాలమున యజమానికి తెలియవలెను. మంచము పట్టినవాడు స్వయముగ పోలేకున్నచో, ఇంటివారైనను వైద్యుని పత్రమును కార్యాలయమునకు చేర్చి, ముట్టినట్లు రసీదు తీసికొని భద్రపరచవలెను.