వ్రేలాడు తీగ లెక్క - ధర్మపురి సీమ

కావేరిపై మేట్టూరు ఆనకట్ట 1934లో పూర్తియైనది. 1937లో అచట విద్యుదుత్పత్తి ప్రారంభమైనది. నాడు ధర్మపురి ప్రత్యేక జిల్లా కాదు; 1965 అక్టోబరు 2వ తేదీవరకు అది సేలము జిల్లాలోని భాగమే. మేట్టూరు విద్యుత్తును ఉత్తరమునకు గొనిపోయిన తీగలు ఈ సీమ మీదుగనే సింగారపేటకును, అచటినుండి వేలూరు దిక్కునకును సాగినవి. అంతకు 35 ఏండ్ల పూర్వమే, 1902లో, ఆ కావేరిపైననే శివసముద్రమున పుట్టిన విద్యుత్తు సుమారు 92 మైళ్ళు పయనించి, తెలుగు కూలీలును పెక్కుమంది శ్రమించిన కోలారు బంగారు గనులను చేరియుండెను.

ఇట్టి చరిత్రలలో ఆనకట్టలకును యంత్రములకును దక్కిన స్థానము తీగకు దక్కలేదు. తీగ ఎంత వ్రేలాడవలెను, ఎంత బిగువుగా నుండవలెను అను ప్రశ్న విద్యుత్తుకంటె చాల పాతది. వ్రేలాడు గొలుసు రూపము పరవలయమునకు సన్నిహితమని గెలీలియో 1638లో తలచెను. అది సరిగా పరవలయము కాదని 1646లో పదునేడేండ్ల హైగెన్స్ నిరూపించెను. 1690లో యాకోబ్ బెర్నూలీ ఈ సమస్యను పండితులకు సవాలుగా నొసగగా, మరుసటి యేడు లైబ్నిట్జ్, హైగెన్స్, యోహాన్ బెర్నూలీ దానిని సాధించిరి. అయినను తీగ కొద్దిగా మాత్రమే వ్రేలాడునపుడు ఇంజనీర్లు నేటికిని పరవలయముతోనే పని గడుపుకొందురు. భేదము అంత స్వల్పము.

లెక్క ఇట్టిది: మీటరు తీగ బరువును, రెండు కొనల నడిమి దూరపు వర్గముతో గుణించి, లాగుడునకు ఎనిమిది రెట్లతో భాగించిన వ్రేలాట వచ్చును. బట్టలారవేయు దండెమును ఎంత లాగి కట్టినను నడుమ వంగకపోదు. పూర్తిగా నిటారు చేయుటకు అనంతమైన బలము కావలెను. 54 అల్యూమినియపు పోగులు, 7 ఉక్కు పోగులు గల 'మూస్' తీగ మీటరునకు 2 కిలోలు తూగును. దానిని 50 మీటర్ల దూరమున 1000 కిలోల బలముతో లాగినచో నడుమ సుమారు 62 సెంటీమీటర్లు దిగును. అప్పుడు తీగ పొడవు ఆ దూరముకంటె అధికమగునది 2 సెంటీమీటర్లు మాత్రమే! కోతలో మరి 2 సెంటీమీటర్లు మిగిలెనా, వ్రేలాట 88 సెంటీమీటర్లగును. తక్కువ కోసినచో లాగుడు పెరిగి, ఆ భారము ఉక్కు స్తంభములపై పడును.

దూరప్రాంతపు లైన్లకు చాలిన ఈ సూత్రము సబ్‌స్టేషనులో నట్లే చాలదు. అచట దూరములు చిన్నవి. తీగ రెండు కొనలయందలి ఇన్సులేటరు దండల బరువు కొన్నిచోట్ల తీగ మొత్తపు బరువునే మించును. క్రింది పరికరములకు దిగు తీగలు, తోరణమునకు ఆకులవలె, మరికొంత భారము చేర్చును. వీనిని లెక్కింపక వదలిన, తీగ నేలకు దిగి పనివాని తలకు చేరువగును. ఇది కాగితముపై తప్పుకాదు, ప్రాణముతో కూడిన తప్పు.

నేడు ధర్మపురి ప్రాంతమున 765 కిలోవోల్టుల స్థాయికై నిర్మింపబడిన కేంద్రము కలదు. వోల్టేజి పెరిగినకొలది తీగకు, నేలకు నడుమ విడువవలసిన ఎడమును పెరుగును. ఎండకును ప్రవాహమునకును తీగ 40 డిగ్రీలు వేడెక్కినచో 50 మీటర్ల తీగ స్వేచ్ఛగా సుమారు 4 సెంటీమీటర్లు సాగును. సాగినకొలది లాగుడు తగ్గుటచే కొంత వెనుకకు ముడుచుకొనును గాని అంతయు కాదు. కావుననే తీగ బిగించు దినమున తీగ వేడిమిని కొలిచి, ఆ వేడిమికి ముందే కట్టిన పట్టికలోని లాగుడుతోనే దానిని బిగింతురు.